రంగువీపు గోమారి

అగ్గిపెట్టెలో ఉన్నది చచ్చిందో, ఇంకా కాళ్ళాడిస్తోందో చూడాలని ఈశ్వరమ్మకు పొద్దుటినుంచీ ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. చూడలేదు. చూస్తే గోటితో నలిపేస్తుందని తన సంగతి తనకు తెలుసు, నలిపేస్తే ఇంక సాక్ష్యమేముంది? అందుకే కొంగు చివర పెట్టి మూడు ముళ్ళు బిగించింది. ఇప్పుడు క్యూర్‌పైప్‌లో పశువుల డాక్టరు ఆఫీసు వరండాలో, చెక్కబల్ల మీద, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. ఏం ఊరమ్మా ఇది, మధ్యాహ్నం కావస్తున్నా మంచు కమ్ముకునే ఉంది, వానో మంచో తెలియని తుంపర వరండాలోకి వచ్చి మరీ తడుపుతోంది, ఈ దీవిలో జూలైయే చలికాలం, అయినా తమ లెస్కాలియేలో ఒక దుప్పటి చాలు, ఇక్కడ నాలుగు కప్పుకున్నా ఎముకలు వణికేలా ఉన్నాయి. ఈ చలిలో ఏటి అవతల మేకలు కాచే చెల్లమ్మ అయితే ఆ పల్చటి చీరతో ఏమయ్యేదో. ఇదిగో, మళ్ళీ చెల్లమ్మే. పొద్దున్న రైలెక్కిన దగ్గర్నుంచీ చెరుకు చూస్తే చెల్లమ్మ, చెట్టు చూస్తే చెల్లమ్మ, రోజ్ బెల్ స్టేషన్లో ఎవరో మేకపిల్లను చంకనేసుకుని ఎక్కితే ఇంక చెప్పాలా, దిగేదాకా ఆ మేకపిల్లనే కొరకొరా చూస్తూ కూర్చుంది.

ఆమె తెచ్చిన గంపను గుమాస్తా మార్సెల్ లోపలికి పట్టుకెళ్ళి చాలాసేపయింది. గంపలో ఆరు సీసాలు, ప్రతి సీసాలో రెండు వేళ్ళ ఎత్తు రమ్ము, రమ్ములో పశువుల నెత్తురు తాగే గోమార్లు. అప్పుడప్పుడు మనుషుల్ని కూడా కరుస్తున్న గోమార్లు ఏ జాతివో, ఏ పశువు మీంచి దిగి వస్తున్నాయో తేల్చాలని డాక్టరు దొర చెరుకు తోటలన్నిటికీ కబురంపాడు. లెస్కాలియే తోట సర్దారు రెండో ఆలోచన లేకుండా ఈశ్వరమ్మను చూపించాడు. చూపించడా మరి! పద్దెనిమిదేళ్ళుగా తోట ఆవులకు గోమార్లు ఏరేది ఎవరు? క్రియోల్ వాళ్ళు అన్నిటినీ కలిపి కరపాత్ అనేసి ఊరుకుంటారు గానీ, ఈశ్వరమ్మకు కళ్ళు మూసుకుని వేలితో తడిమినా తేడా తెలుస్తుంది. చెవిలోపల గుంపుగా పట్టే చిట్టివి వేరు, గంగడోలు మడతల్లో నక్కేవి వేరు, పొదుగు పక్కన చిక్కుడు గింజంత ఉబ్బి నీలంగా వేలాడే పిడుదులు వేరు, కుక్క కాలివేళ్ళ సందుల్లో ఉండే గోధుమరంగువి వేరు. ఎడ్ల కొట్టం ఊడిస్తే చీపురుకు తగిలే పెద్ద బూడిదరంగు పిడుదులు అన్నిటికంటే వేరు, ఒక్కోటి ఉసిరికాయంత ఉంటుంది. ఇంత తెలిసినందుకే కదా ఇవాళ ఈ గతి. ఏమీ తెలియని ఆడదైతే మొగుడి తొడ మీద పురుగు కనిపిస్తే తీసి పొయ్యిలో పడేసి, చెయ్యి కడుక్కుని, అన్నం వడ్డించేది.

మొన్న సాయంత్రం అది. కోత రోజులు, చెరుకు బండ్లు పొద్దువాలే దాకా మిల్లుకు తిరుగుతూనే ఉంటాయి. ఆయన బండి విప్పి వచ్చి అరుగు మీద కూలబడి, ఒళ్ళు వెచ్చగా ఉందన్నాడు. పంచె పైకి లాగి, "ఒలే, ఇక్కడేటో గెడ్డ కట్టినట్టుంది, సూడు" అన్నాడు. వంగి చూసింది. తొడ పైన, గజ్జకు బెత్తెడు కింద, పట్టుకుని ఉంది. వీపు నిండా రంగే. నారింజ వీపు, చుట్టూ ఆకుపచ్చ అంచు, చారల కాళ్ళు. ఎవరో తీరిక చేసుకుని ముగ్గేసినట్టుంది. ఆ రంగువీపుది ఈశ్వరమ్మ చూసే ఆవుల మీద పద్దెనిమిదేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి కనబడలేదు. చూసింది ఒకే ఒక్క చోట. ఏటి అవతల, చెల్లమ్మ తెల్ల మేకల పొట్టల కింద. ఏట్లో బట్టలుతుక్కుంటూ ఉంటే, అవతలి గట్టున మేకను వెల్లకిలా పడుకోబెట్టి చెల్లమ్మ వాటిని పీకుతూ, "సూడు వదినా, నా మేకలు కూడా నగలెట్టుకున్నాయి" అని నవ్విన నవ్వు ఇంకా చెవిలో ఉంది. నగలట. ఆ నగ ఒకటి తన మొగుడి తొడ మీదికి ఎలా వచ్చిందమ్మా? గాల్లో ఎగిరిందా? గోమారికి రెక్కలుండవు. గడ్డి మీంచి ఒంటికి ఎక్కుతుంది, ఒంటి మీంచి గడ్డిలోకి దిగుతుంది. అంటే ఆ ఒళ్ళు అక్కడి గడ్డిలో కూర్చుని ఉండాలి. కూర్చుని ఊరుకుంటే పర్వాలేదు. గజ్జకు బెత్తెడు కింద!

ఏమీ అనలేదు. అదే వింత. మామూలుగా చింతపండు ఎక్కువైందన్నా ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి, అప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. కొబ్బరినూనె చుక్క వేసి, తల లోపల తెగిపోకుండా నిలువుగా లాగింది, కాస్త చర్మం కూడా ఊడి వచ్చింది. "ఏటది?" అన్నాడాయన. "ఏం లేదు, ముల్లు" అంది. అగ్గిపెట్టెలో పుల్లలు ఒంపేసి ముల్లును అందులో దాచింది. నిన్న రాత్రి జ్వరం ఎక్కువైంది, మూడో జాముకు పళ్ళు టకటకలాడించాడు. తెల్లవారుజామున గంప నెత్తికెత్తుకుని, బట్టల మూట చంకన పెట్టుకుని గడప దాటుతుంటే, "పొయ్యి మీద గంజేమైనా పెట్టావా?" అని నూతిలోంచి వచ్చినట్టు అడిగాడు. అప్పుడొచ్చింది నోరు. "గంజి కావాలంటే ఏటి అవతల కబురెట్టుకో, కాస్తుంది." ఆయన లేవబోయి, మళ్ళీ పడుకున్నాడు. అర్థమయిందో కాలేదో. ఆ మాట అన్నప్పుడు చల్లగా ఉండింది, రైలెక్కాక మండడం మొదలెట్టింది, ఇప్పుడీ చలిలో కూడా చల్లారలేదు.

మూటలో రెండు చీరలున్నాయి, అద్దం, కుంకుమ బరిణె. ఆ మూట సంగతి సర్దారుకు తెలియదు, ఆయనకూ తెలియదు. క్యూర్‌పైప్ నుంచి రైళ్ళు రెండు వైపులా పోతాయి. కిందికి పోతే రోజ్ బెల్ మీదుగా లెస్కాలియే దారి. రెండోవైపు పోతే ఫీనిక్స్, అక్కడ కూతురు సరస్వతి కాపురం. డాక్టరు దొర అగ్గిపెట్టెలోది చూసి, అవును, ఇది మేకలదే, ఎడ్లదీ కాదు ఆవులదీ కాదు అని తన నోటితో అంటే చాలు, ఫీనిక్స్ రైలెక్కడమే. కూతురింట్లో తల్లి పడి ఉండడం తప్పని ఈశ్వరమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. అల్లుడు ముఖం చిట్లిస్తాడు, వియ్యపురాలు పొద్దున్నే గిన్నెలు మోగిస్తుంది. మోగించనీ. చెల్లమ్మ నవ్వు కంటే గిన్నెల మోత నయం. సరస్వతి అడుగుతుంది, ఎన్నాళ్ళుంటావమ్మా అని. అప్పుడేం చెప్పాలి? మీ అయ్య తొడ మీద రంగుల పురుగు దొరికింది తల్లీ అని చెప్పాలా? దూరంగా రైలు కూత వినబడింది. ఏ వైపుదో మంచులో తెలియలేదు, చెవులు రెండూ రిక్కించినా తెలియలేదు.

లోపల ఎవరో దగ్గారు, కుర్చీ లాగారు. సీసాలు ఒకదానికొకటి తగిలాయి. ఏ సీసా చూస్తున్నారో. ఎడ్లదయితే పైన ఎర్ర దారం కట్టింది. ఎడ్లవి వాటి ఒంటి మీంచి ఆమె ఏరినవి కావు, కొట్టం ఊడ్చి నేల మీంచి తెచ్చినవి. ఎద్దు ఒంటి మీద ఆడది చెయ్యి వేయకూడదు. కాడి మోసే పశువును ఆడది తడిమితే ఆ ఏడు బండి ఇరుసు విరుగుతుందని కూలీల క్యాంపులో పట్టింపు. పెద్దలు కోరంగి రేవులో ఓడెక్కేటప్పుడు ఉప్పూ చింతపండూ మూట కట్టుకున్నట్టే దీన్నీ కట్టుకొచ్చారు. ఆవులు ఆడవాళ్ళకు, ఎడ్లు మగవాళ్ళకు. మగవాళ్ళు ఎడ్లకు గోమార్లు ఏరతారా? ఉసిరికాయలా వేలాడేది కంటబడితే ఒకటి పీకుతారు, చుట్ట ముట్టించుకుంటారు.

ఓడ తలపుకొస్తే ఒళ్ళు మళ్ళీ మండింది. ఓడ చుట్టరికమట! ఆయన తండ్రీ, చెల్లమ్మ తండ్రీ ఒకే ఓడలో వచ్చారు, పక్కపక్కనే వాంతులు చేసుకున్నారు, ఒకే చెంబులో నీళ్ళు తాగారు, దిగాక ఒకరి పిల్లలు ఇంకొకరికి పిల్లలేనని ఒట్టేసుకున్నారు. అందుకని చెల్లమ్మ ఆయనకు చెల్లెలు. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్త ఈ కథ చెప్పినప్పుడు ఈశ్వరమ్మ కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. ఇప్పుడు అడగాలనిపిస్తోంది, అత్తా, పక్కపక్కన కూర్చుని వాంతులు చేసుకుంటే రక్తాలు కలుస్తాయా? మొగుడు పోయి మూడేళ్ళయినా ఆ మనిషి ముఖంలో కళ తగ్గలేదు. మేకలు కాచుకుంటూ ఏటి గట్టున పాడుకుంటుంది. శనివారం రామభజనలో దీపం చుట్టూ మగవాళ్ళు అడుగులేస్తుంటే, ఆడవాళ్ళ వరసలోంచి గొంతెత్తుతుంది, ఆ గొంతుకి ఆయన అడుగు తప్పకుండా పడుతుంది. తన గొంతు కాకిగొంతు. అదీ ఒప్పుకుంటుంది ఈశ్వరమ్మ. అందం, గొంతు, మేకలు, నవ్వు, అన్నీ ఉంచుకోనీ. కానీ పేరు? అదే, అదే ఓర్చుకోలేనిది. ఏటి అవతల నుంచి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని నిలువెత్తు గొంతుతో ఆయన్ని పేరు పెట్టి పిలుస్తుంది. ఒక ఈడుది, పైగా చెల్లెలు కదా, పిలవచ్చు. క్యాంపంతా వినబడేలా పిలుస్తుంది. ఆయన కాడి దగ్గర నుంచి తల తిప్పుతాడు.

తనేమో ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ పేరు నోట పలికింది ఒక్కసారి. గృహప్రవేశం నాడు గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి, పేరు చెప్తేనే లోపలికి అన్నప్పుడు. సగం పేరు కొంగులోనే పోయింది. ఆ తర్వాత ఇదిగో అంది, ఏమయ్యా అంది, సరస్వతి పుట్టాక సరస్వతి అయ్య అంది. దేవుడికీ ఆయనకీ ఒకటే పేరయింది, సింహాద్రి అప్పన్న పూజలో అందరూ నరసింహా అంటుంటే తను పెదవి కదిపి అప్పన్నా అంటుంది. దేవుడు అర్థం చేసుకున్నాడు గానీ, పక్కన నిలబడిన చెల్లమ్మ ఆ పేరును పాటలో పెట్టి సాగదీసి, తిప్పి, మళ్ళీ ఎత్తుకుని పాడుతుంటే, తన ఇంటి గిన్నెలో తనకంటే ముందు ఎవరో చెయ్యి పెట్టినట్టుండేది. ఆ పేరు తనది. తనది కాబట్టే తను పలకకూడదట. ఇదేం న్యాయం?

"మదాం! కొరింగి మదాం!" మార్సెల్ తలుపులోంచి తల పెట్టాడు. కోరంగి ఓడల్లో వచ్చిన తెలుగువాళ్ళంతా ఇక్కడి నోళ్ళకు కొరింగులే. సన్నటి మనిషి, కళ్ళద్దాలు తుంపరకు మసకబారాయి. సీసాలు బాగున్నాయని, ఇంత శుభ్రంగా తలలు తెగకుండా ఏ తోట నుంచీ రాలేదని డాక్టరు దొర మెచ్చుకున్నాడని క్రియోల్‌లో చెప్పాడు. మనుషుల ఒంటి మీంచి తీసింది ఒక్కటైనా ఉందా, కావలసింది అదే కదా అని అడిగాడు. ఈశ్వరమ్మ కొంగు పట్టుకుంది. లేదంటే అయిపోయేది. సాక్ష్యం లేకపోతే అనుమానం మాత్రమే ఉంటుంది, అనుమానంతో లెస్కాలియేకి వెళ్ళి గంజి కాయవచ్చు. ముళ్ళు తడిసి బిగుసుకున్నాయి, పంటితో విప్పింది. "ఒకటుంది బాబూ. దొరగార్ని ఒక్కటే అడుగు. ఇది మేకలదా కాదా. అంతే." అగ్గిపెట్టె అతని చేతిలో పెట్టాక చెయ్యి ఖాళీగా అనిపించి, మూట దగ్గరకు లాక్కుంది.

లోపల మాటలు. ఫ్రెంచో ఇంగ్లీషో. ఎవరో నవ్వారు. నవ్వుతారేం? నా కాపురం అక్కడ అద్దం కింద పెట్టుకుని నవ్వుతారేం? ఏమంటారో ఆమెకు తెలిసిపోయింది, మేకలదే అంటారు. ఫీనిక్స్‌లో దిగి ఎటు నడవాలో సరస్వతి చెప్పింది, మామిడిచెట్టు ఉన్న మలుపు. ఇంట్లో ఇప్పుడు చెల్లమ్మ ఉండి ఉంటుంది. తన పొయ్యి ఊదుతూ ఉంటుంది. ఉప్పు ఎక్కడుందో తెలియక అడుగుతుంది, ఆయన మంచం మీంచే చెప్తాడు. ఆ గంజి గిన్నె, ఆ చెయ్యి, ఆ నుదురు. పంపింది ఎవరు? తనే. తన నోటితో. ఓసి దరిద్రపుదానా, అని తనను తానే తిట్టుకుంది ఈశ్వరమ్మ.

మార్సెల్ ఈసారి బయటికే వచ్చాడు, ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేతిలో పిడి ఉన్న భూతద్దం. బల్ల మీద ఆమె పక్కనే పెట్టాడు. పళ్ళెంలో రెండున్నాయి. ఒకటి అగ్గిపెట్టెలోది, రంగువీపుది. రెండోది ఎర్ర దారం సీసాలోది, కొట్టం నేల మీద ఊడ్చిన ఉసిరికాయంత పిడుదు. "మెమ్ జాఫేర్, మదాం" అన్నాడు, రెండూ ఒకటే అని వేళ్ళు రెండూ జతచేసి చూపించాడు. ఈశ్వరమ్మకు కోపమొచ్చింది. "ఎలా ఒకటవుతాయి బాబూ? నాకు చెప్పకు. ఇది ఎద్దుది, అది మేకది." మార్సెల్ భూతద్దం ఆమె చేతికిచ్చి, పిడుదు తల దగ్గర వేలు చూపించాడు. వంగింది. ఉబ్బిన బూడిద పొట్టకు ముందు, నోటి దగ్గర, మెంతి గింజంత చోట అదే రంగు. కాళ్ళకు అవే చారలు. పద్దెనిమిదేళ్ళు చీపురుతో ఊడ్చి నిప్పుల్లో పోసిందే గానీ, ఆ గింజంత చోటు ఏనాడూ చూడలేదు. "ఇది ఆడది" అన్నాడు మార్సెల్, "తాగి, ఉబ్బి, గుడ్లు పెట్టడానికి కింద పడిపోతుంది. ఈ రంగువీపుది దీని మొగుడు. మగది ఉబ్బదు, పడదు, ఎద్దు పొట్ట కిందే నెలల తరబడి పట్టుకుని ఉంటుంది. ఎద్దు పొట్ట కింద ఎప్పుడూ చూడలేదా మదాం?"

చూడలేదు. ఎలా చూస్తుంది, ఎద్దు ఒళ్ళు ఆడది ముట్టుకోకూడదాయె. పడిపోయిన ఆడవి మాత్రమే తన చీపురుకి వచ్చాయి, పైన పట్టుకున్న మగవి మగవాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. మేకలంటారా, చెల్లమ్మ మేకలు మేసేది బండ్ల బాట పక్కనే కదా, ఎడ్ల నుంచి పడ్డవాటి పిల్లలు గడ్డిలోకి, గడ్డిలోంచి మేకలకి. ఈశ్వరమ్మ భూతద్దం దించలేదు. దించితే ముఖం కనబడుతుంది. అప్పుడు జ్ఞాపకం వచ్చింది గడ్డ. మొన్న వేలితో నొక్కినప్పుడు గట్టిగా ఉంది, చుట్టూ నల్లగా తిరిగింది. కొత్త కాటు ఎర్రగా మెత్తగా ఉంటుంది, అలా నల్లబడి గట్టిపడాలంటే ఎనిమిది రోజులైనా పట్టాలి, ఆవులకు ఎన్ని వందలు చూసింది! ఎనిమిది రోజుల కిందట ఆయనెక్కడున్నాడు? ఎర్రెద్దుకు జబ్బు చేసి, మడగాస్కర్ నుంచి ఓడలో వచ్చిన ఎద్దు, మందలకు మందలు పోయిన పశువుల రోగం నాటి భయం ఇంకా అందరికీ ఉంది, వారం రోజులూ దాని పొట్టకు వీపు ఆనించి కొట్టంలోనే పడుకున్నాడు. పొద్దునా సాయంత్రమూ అన్నం పట్టుకెళ్ళింది తనే. "లోనికి రాకే, తన్నుద్ది" అంటే గుమ్మంలోంచి గిన్నె అందించింది తనే. ఆ ఏడు రోజులూ తన కళ్ళ ముందున్న మనిషి మీద, తను చదవగలిగిన గుర్తును తనే చదవలేదు. రంగు చూసింది, కళ్ళల్లో నిప్పులు పోసుకుంది.

మార్సెల్ చిన్న కాగితం ముక్క, కలం తీశాడు. సీసాకు చీటీ అంటించాలట. తోట పేరు రాశాడు, నెల రాశాడు, తొడ అని రాశాడు. జ్వరముందా అన్నాడు. ఉందంది. అయితే దగ్గర మనిషిని ఉండమను, నీళ్ళు బాగా పట్టించమను, తగ్గకపోతే తోట ఆసుపత్రికి తీసుకెళ్ళమని దొర చెప్పాడన్నాడు. "పేరు?"

"మా ఆయన."

"ఆయనకో పేరుంటుంది కదా, మదాం. కాగితం మీద మా ఆయన అని ఎలా రాయను?"

"సరస్వతి అయ్య."

కలం ఆగింది. అతను కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. చెల్లమ్మ ఇక్కడ ఉంటే ఈపాటికి వరండా దద్దరిల్లేలా చెప్పేసేది. ఆ ఆలోచనకే ఈశ్వరమ్మ లేచి నిలబడింది. గడప, ఆడపడుచుల నవ్వులు, కొంగు, దేవుడు, అన్నీ ఒక్కసారే అడ్డం వచ్చాయి. "నరసింహులు" అంది. చాలా మెల్లిగా. మార్సెల్ తల వంచి ఒక్కో అక్షరమే రాసుకున్నాడు, సరేనా అన్నట్టు చూశాడు, ఆమెకు చదువు రాదు, అయినా ఆ గీతల మీద కళ్ళు నిలిపింది. ఎక్కడో ఫీనిక్స్ వైపు రైలు కూత వేసి కదిలింది, ఈసారి ఏ వైపుదో చెవికి తేటగా తెలిసింది. అతను రంగువీపుదాన్నీ ఉసిరికాయ పిడుదునూ ఒకే సీసాలో వేసి, రమ్ము పోసి, మూత బిగించి, పేరున్న చీటీ అంటించాడు.

స్టేషన్లో లెస్కాలియే వైపు బండికి ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం చివర మంచులో ఎవరూ లేరు. చెల్లమ్మ ఈపాటికి గంజి కాచే ఉంటుంది, తాపించే ఉంటుంది, తాపించనీ, జ్వరమొచ్చిన మనిషికి ఎవరు తాపిస్తేనేం అని మనసుకు చెప్పుకుంది, మనసు వినలేదు. ఇంటి మలుపు తిరగగానే పిలవాలి. గడప దాకా వెళ్ళి కాదు, మలుపు దగ్గర నుంచే, లోపల ఉన్న మనిషికి కూడా వినబడాలి, క్యాంపు మొత్తానికి వినబడాలి. మూట కింద పెట్టింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"నరసింహులూ!"

చెల్లమ్మ అన్నంత గట్టిగా రాలేదు. మళ్ళీ అంది.